తాజ్‌మహల్ పాఠంలో మన పాలారు ఎక్కడ?

ఆమ్ల వర్షం పాఠం వచ్చిందంటే బోర్డు మీద తాజ్‌మహల్ బొమ్మ పడాల్సిందే. ఆగ్రా, మథుర చమురు శుద్ధి కర్మాగారం, పొగ, వాన, పసుపుబారిన పాలరాయి. ఒడుగత్తూరులో చదివే పిల్లయినా, గుడియాత్తంలో చదివే పిల్లవాడైనా ఈ వరసనే బట్టీపట్టి పరీక్షలో రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. అంతటితో ఆ వాన ఆగిపోతుంది. తాజ్‌మహల్ ఎక్కడో ఉంది. ఆ వానా అక్కడే ఎక్కడో పడుతుంది. మనకెందుకు?

తెలుగు బడులతో ముడిపడిన ఉపాధ్యాయులం, తల్లిదండ్రులం కలిసి ఈ మాట అడుగుతున్నాం. తాజ్‌ను కాపాడేందుకు సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఏ సూత్రం మీద నిలబడిందో మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఆ సూత్రాన్ని అంతకు నాలుగు నెలల ముందు అదే కోర్టు మన వేలూరు కేసులో, మన పాలారు కోసం స్థిరపరిచింది. పాఠం ఆగ్రా నుంచి మనకు వస్తోంది కానీ, న్యాయం మన దగ్గర నుంచి ఆగ్రాకు వెళ్లింది. అందుకే ఈ పాఠాన్ని ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని మా అభిప్రాయం.

అగ్గిపుల్లతో మొదలు

గుడియాత్తం పేరు చెబితే చేనేత లుంగీలతో పాటు అగ్గిపెట్టెలు గుర్తొస్తాయి. మన బడి పిల్లల ఇళ్లలో ఆ పనికి వెళ్లే అమ్మలు, అత్తలు, అవ్వలు ఉన్నారు. అగ్గిపుల్ల తలలో పొటాషియం క్లోరేట్‌తో పాటు గంధకం ఉంటుంది. పెట్టె పక్కన గీసే పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది. పుల్ల గీయగానే ముక్కుకు చురుక్కున తగిలే ఘాటు వాసన గంధకం కాలి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినప్పుడు పుట్టే సల్ఫర్ డయాక్సైడ్‌ది. ఆమ్ల వర్షానికి మొదటి కారణం ఆ వాయువే.

అంతమాత్రాన అగ్గిపెట్టెల వల్ల ఆమ్ల వర్షం పడుతుందని ఎవరూ అనుకోవద్దు. అగ్గిపుల్లలో ఉన్న గంధకం గోరంత కూడా కాదు. అసలు లెక్క బొగ్గుది, చమురుది. కోట్ల ఏళ్ల కిందటి చెట్లు, జీవుల శరీరాల నుంచి, నేల పొరల నుంచి వచ్చిన గంధకం వాటిలో దాగి ఉంటుంది. విద్యుత్ కేంద్రంలో రోజుకు వేల టన్నుల బొగ్గు కాలితే ఆ గంధకమంతా పొగగొట్టం గుండా ఆకాశానికి చేరుతుంది. అగ్గిపుల్లలో జరిగేదీ అక్కడ జరిగేదీ ఒకటే. తేడా పరిమాణంలోనే ఉంది.

రెండో కారణం నైట్రోజన్ ఆక్సైడ్లు. గాలిలో ఐదింట నాలుగు వంతులు నైట్రోజనే. మామూలుగా అది దేనితోనూ కలవదు. విపరీతమైన వేడి తగిలితే మాత్రం పక్కనున్న ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. ఆ వేడి పిడుగులో ఉంటుంది, ఇంజను లోపలా ఉంటుంది. చెన్నై–బెంగళూరు రహదారి మీద వేలూరు దాటి రాత్రీపగలూ వెళ్లే లారీల ఇంజన్లలో జరుగుతున్నది ఇదే. కరెంటు పోయినప్పుడు వీధి చివర మోగే డీజిల్ జనరేటరులోనూ ఇదే జరుగుతుంది.

మూడోది తోళ్ల ఫ్యాక్టరీల దగ్గర పెరిగిన పిల్లలకు చెప్పకనే తెలుసు. పేర్ణంబట్టు, ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటల వైపు వెళ్తే వచ్చే కుళ్లిన గుడ్డు వాసన అది. తోలు మీది వెంట్రుకలు ఊడదీయడానికి సున్నంతో పాటు సోడియం సల్ఫైడ్ వాడతారు. ఆ నీళ్లకు ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు లేస్తుంది. గాలిలో అదీ చివరికి సల్ఫర్ డయాక్సైడ్‌గానే మారుతుంది. గంధకం ఏ దారిన బయలుదేరినా గాలిలో చేరే మజిలీ ఒకటే.

మబ్బులో జరిగేది

సల్ఫర్ డయాక్సైడ్ పైకి వెళ్లాక రెండు దారులున్నాయి. ఎండ ఉన్నప్పుడు గాలిలో హైడ్రాక్సిల్ అనే చాలా చురుకైన కణాలు పుడతాయి. అవి దాన్ని పట్టుకుని, మధ్యలో సల్ఫర్ ట్రయాక్సైడ్‌గా మార్చి, నీటి ఆవిరితో కలిపి సల్ఫ్యూరిక్ ఆమ్లం చేస్తాయి. దీనినే మన పెద్దలు గంధకామ్లం అన్నారు. ఇది నిదానంగా, రోజుల తరబడి జరిగే దారి. రెండోది మబ్బులోని నీటి బొట్టులో జరుగుతుంది. వాయువు ఆ బొట్టులో కరుగుతుంది. అక్కడ ముందే కరిగి ఉన్న హైడ్రోజన్ పెరాక్సైడ్, ఓజోన్ దాన్ని చాలా వేగంగా గంధకామ్లంగా మారుస్తాయి. నైట్రోజన్ డయాక్సైడ్ కూడా హైడ్రాక్సిల్ కణాల చేతికి చిక్కి నత్రికామ్లం అవుతుంది.

వాన పడితే ఈ ఆమ్లాలు నీటితో దిగుతాయి. వాన పడకపోయినా దుమ్ముగా, వాయువుగా ఆకుల మీద, గోడల మీద వాలుతాయి. తరువాత మంచు తడి తగిలినా చాలు, పని మొదలుపెడతాయి. కనుక ‘ఆమ్ల వర్షం’ అన్న పేరులో సగమే ఉంది. మిగతా సగం పొడిగా వచ్చి పడుతుంది.

పులుపును కొలిచే కొలబద్ద పీహెచ్. 7 అయితే అటూ ఇటూ కాని నీరు. అంతకు తగ్గేకొద్దీ పులుపు, పెరిగేకొద్దీ క్షారం. నిమ్మరసం 2 దగ్గర, పెరుగు నాలుగున్నర దగ్గర ఉంటాయి. ఒక చిన్న మెలిక ఇక్కడ పిల్లలకు తప్పక చెప్పాలి. ఏ మలినమూ లేని వాన కూడా 7 ఉండదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల సుమారు 5.6 ఉంటుంది. సోడా నీళ్లు నాలుకకు కాస్త పుల్లగా తగలడానికి కారణమూ ఇదే వాయువు. అంతకంటే బాగా తగ్గినప్పుడే ఆమ్ల వర్షం అంటాం. కొలబద్ద మీద ఒక అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు. 5.6 నుంచి 4.6కు దిగితే ‘ఒక్కటేగా’ అనుకోకూడదు.

పాలరాయి, ముగ్గుపిండి, కోట గోడ

తాజ్‌మహల్ పాలరాయి అంటే రసాయనంగా కాల్షియం కార్బొనేట్. గంధకామ్లం తగిలితే అది జిప్సంగా మారుతుంది, కార్బన్ డయాక్సైడ్ బుడగలై పోతుంది. జిప్సం మెత్తనిది, నీటికి కొద్దికొద్దిగా కరిగేది. రాయి పైపొర అలా పొట్టులా రాలిపోతుంది. తాజ్ రంగు మారడానికి మసి, దుమ్ము కూడా కారణమని ఆ తరువాతి పరిశోధనలు చూపించాయి. అదీ పిల్లలకు చెప్పాలి. ఒక్క కారణంతో ముగిసే జబ్బులు ప్రకృతిలో తక్కువ.

ఇది చూపించడానికి ఆగ్రా వెళ్లనక్కర్లేదు. కోడిగుడ్డు పెంకు కూడా కాల్షియం కార్బొనేటే. దాని మీద నిమ్మరసం పిండితే బుడగలు లేస్తాయి. వాకిట్లో వేసే ముగ్గుపిండి మీద పిండి చూడండి. సున్నపురాయి జాతి పిండి అయితే నురగ వస్తుంది, బియ్యప్పిండి అయితే రాదు. అమ్మ ఏ పిండితో ముగ్గు వేస్తోందో పిల్లే పరీక్ష చేసి చెబుతుంది. వేలూరు కోట మాత్రం శతాబ్దాల వానలకు తడుస్తూ గట్టిగా నిలబడి ఉంది. అది నల్లరాతి కోట, గ్రానైట్. అందులో ఆమ్లం తినగలిగే సున్నం చాలా తక్కువ. పాలరాయి ఎందుకు కరుగుతుంది, కోట గోడ ఎందుకు కరగదు అన్న ప్రశ్నలో ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠమంతా ఉంది.

ఇందులోనే విరుగుడూ ఉంది. బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగను వదిలేముందు సున్నపురాయి పొడి కలిపిన నీటి జల్లు గుండా పంపితే సల్ఫర్ డయాక్సైడ్ అక్కడే చిక్కుకుని జిప్సం అవుతుంది. తాజ్ గోడ మీద జరిగితే నష్టమైన చర్యే పొగగొట్టంలో జరిగితే రక్షణ అవుతుంది. వచ్చిన జిప్సం సిమెంటుకు పనికొస్తుంది. ఈ ఏర్పాటు పెట్టుకోవాలని కేంద్రం 2015 డిసెంబరులో నిబంధన తెచ్చింది. గడువులు పదేపదే పొడిగించి, 2025 జూలైలో చాలా కేంద్రాలకు మినహాయింపు ఇచ్చింది. మన బొగ్గులో గంధకం తక్కువని, గాలిలో ఆ వాయువు హద్దు దాటలేదని ఒక వాదన. ప్రపంచంలో సల్ఫర్ డయాక్సైడ్ ఎక్కువగా వదిలే దేశం మనదే కదా అన్నది ఎదుటి వాదన. రేపు ఓటు వేయబోయే పిల్లలు ఈ రెండు వాదనలనూ తూచగలగాలంటే ముగ్గుపిండి మీది బుడగ అర్థమై ఉండాలి.

పొగ ఒకరిది, వాన మరొకరిది

‘ఆమ్ల వర్షం’ అన్న మాటను వాడుకలోకి తెచ్చినవాడు రాబర్ట్ ఆంగస్ స్మిత్. మాంచెస్టర్ ఫ్యాక్టరీల పొగనూ వాననీ పరీక్షించి 1872లో ఆయన పుస్తకం రాశాడు. తరువాత వందేళ్లకు ఐరోపా ఒక తప్పు చేసింది. ఊళ్లో పొగ భరించలేక పొగగొట్టాల ఎత్తు పెంచారు. ఊళ్లో గాలి బాగుపడింది. పొగ మాత్రం గాలివాటున వందల మైళ్లు పోయి స్వీడన్, నార్వే చెరువుల్లో పడింది. ఆమ్లం నేలలోని అల్యూమినియాన్ని కరిగించి నీళ్లలోకి తేగా చేపల మొప్పలు దెబ్బతిని చెరువులకు చెరువులే ఖాళీ అయ్యాయి. 1967లో స్వాంటె ఓడెన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త ఈ సంబంధాన్ని బయటపెట్టాడు. 1979లో దేశాలన్నీ జెనీవాలో కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి. 1990లో అమెరికా చట్టం తెచ్చింది. ఆ తరువాత రెండుచోట్లా ఆ వాయువు చాలావరకు తగ్గింది. అంటే ఇది తగ్గించలేని జబ్బు కాదు. పూనుకుంటే తగ్గిన జబ్బు.

పొగకు ఎల్లలుండవన్న సంగతి పాలారు ఒడ్డున పుట్టినవాళ్లకు కొత్త కాదు. పాలారు కర్ణాటకలో పుట్టి, ఆంధ్ర దాటి మన దగ్గరికి వస్తుంది. గుడియాత్తం గుండా పారే కౌండిన్య నది పలమనేరు వైపు నుంచి దిగుతుంది. ఎగువన ఎవరేం కలిపినా దిగువన తాగేది మనం. మబ్బు కూడా అలాంటి నదే. గట్లు కనబడవు, అంతే.

మన వాన సంగతి

మన నేల మీద పడే వాన ఆమ్లమా? ఈ ప్రశ్నకు భయపెట్టే జవాబు ఇవ్వడం మాకు ఇష్టం లేదు. మన దేశంలో చాలాచోట్ల గాలిలో ఎగిరే మట్టి దుమ్ములో సున్నం ఉంటుంది. గాలిలో పుట్టిన ఆమ్లాన్ని అదే కొంత విరిచేస్తుంది. అందుకే ఐరోపా చెరువులకు పట్టిన గతి మనకు ఆ తీరున పట్టలేదు. అయితే ఆ కాపలాకూ హద్దుంది. వాతావరణ శాఖ విశాఖపట్నం, కొడైకెనాల్ వంటి చోట్ల ఏళ్ల తరబడి వాన నీటిని పరీక్షిస్తున్నది ఈ హద్దును కనిపెట్టి ఉండడానికే.

మనకు పెద్ద వానలిచ్చే ఈశాన్య రుతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సముద్రం వైపు నుంచి వస్తుంది. ఆ వైపునే ఎన్నూరు, మీంజూరు దగ్గర బొగ్గు విద్యుత్ కేంద్రాలున్నాయి. జవ్వాది కొండల అంచున ఉన్న ఒడుగత్తూరులో పడే వానకూ, లారీల రహదారి పక్కన పడే వానకూ తేడా ఉందా అన్నది కొలిచి చూడదగిన ప్రశ్న. కొలవడానికి శాస్త్రవేత్తలే రానక్కర్లేదు.

1996 ఆగస్టు, 1996 డిసెంబరు

ఇక మొదట చెప్పిన మాటకు వద్దాం. తోళ్ల ఫ్యాక్టరీల నీళ్లు పాలారులోనూ పొలాల్లోనూ కలుస్తున్నాయని వేలూరు పౌరుల సంక్షేమ వేదిక 1991లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఆగస్టు 28న జస్టిస్ కుల్‌దీప్ సింగ్ నాయకత్వంలోని ధర్మాసనం తీర్పు ఇచ్చింది. తోళ్ల ఫ్యాక్టరీలున్న ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగు భూమి కొంతో పూర్తిగానో సేద్యానికి పనికిరాకుండా పోయిందన్న వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం లెక్కను అందులో ఉటంకించింది. రెండు సూత్రాలు ఈ దేశ చట్టంలో భాగమని చెప్పింది. నష్టం పూర్తిగా రుజువయ్యేదాకా ఆగకుండా ముందే జాగ్రత్తపడాలన్నది ఒకటి. పాడు చేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలన్నది రెండోది. తన పని వల్ల హాని లేదని రుజువు చేసుకునే భారం కూడా పరిశ్రమదేనని చెప్పింది.

అదే ఏడు డిసెంబరు 30న తాజ్‌మహల్ కేసులో తీర్పు వచ్చింది. దాన్నిచ్చిన ధర్మాసనానికీ జస్టిస్ కుల్‌దీప్ సింగే నాయకత్వం వహించారు. తాజ్ చుట్టూ బొగ్గు వాడే 292 పరిశ్రమలు సహజవాయువుకు మారాలి, లేదంటే తరలిపోవాలి అని కోర్టు ఆదేశించింది. అందుకు ఆధారంగా వేలూరు తీర్పులోని సూత్రాలనే ఎత్తి చూపింది. పాలరాయి గోడకు రక్షణగా నిలిచింది పాలారు రైతు గోడు.

ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల ముఖాల్లో వెలుగు కనబడుతుంది. తమ ఊరు పాఠంలో ఉందని తెలిసిన పిల్ల ఆ పాఠాన్ని మరచిపోదు. అయితే చివరి మాటా దాచకూడదు. తాజ్ పాలరాయికి దక్కినంత త్వరగా మన నేలకు న్యాయం దక్కలేదు. పరిహారం, శుద్ధి ఇంకా పూర్తికాలేదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ వేలూరు తోళ్ల కాలుష్యం మీద ఆదేశాలివ్వాల్సి వచ్చింది. తీర్పు రావడం ఒకటి, అది నేల మీద అమలు కావడం మరొకటి. రెండింటి మధ్య దాదాపు ముప్ఫై ఏళ్లు గడిచాయి. అంటే ఒక తరం పిల్లలు బడికి వచ్చి, చదివి, వెళ్లిపోయారు.

మాటల దగ్గర తడబాటు

‘సైన్సు తెలుగులో చదివితే రేపు ఎలా?’ అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగడం న్యాయమే. మన పిల్లలు మూడు భాషల మధ్య పెరుగుతున్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పై చదువుల్లో ఇంగ్లీషు. తెలుగులో ఆమ్లం అన్నది తమిళంలో అమిలం. రెండింటి వేరు పులుపే కనుక ఇబ్బంది లేదు. తెలుగులో క్షారం అన్నదాన్ని మాత్రం తమిళంలో కారం అంటారు. మన ఇంటి పిల్లకు కారం అంటే మిరప్పొడి. అక్కడే తడబడుతుంది. ఇంగ్లీషులో ఆసిడ్, బేస్ అని మాత్రమే విన్న పిల్లకు ఆ మాటల వెనక రుచి ఏదీ తగలదు.

దీనికి విరుగుడు ఒక భాషను వదిలెయ్యడం కాదు. ప్రతి పిల్ల పుస్తకం వెనక మూడు గీతలు గీసి మూడు వరసల్లో మాటలు రాయించండి. ఆమ్లం, అమిలం, ఆసిడ్. క్షారం, కారం, బేస్. గంధకం, కందకం, సల్ఫర్. ముందు ఇంటి మాటలో విషయం పట్టుబడితే మిగతా రెండు మాటలు దాని మీద సులువుగా కూర్చుంటాయి. విషయం పట్టుబడకుండా మూడు మాటలూ బట్టీపట్టినా మూడూ రాలిపోతాయి. తెలుగు బడి ఇవ్వగలిగిన మేలు ఇదే. ఈ మేలు పిల్లలకు అందకపోతే తల్లిదండ్రుల ప్రశ్నకు మన దగ్గర జవాబుండదు.

ఈ ఏడాది నుంచే

బడులను మేము కోరేది పెద్ద ఖర్చున్న పని కాదు. రానున్న ఈశాన్య రుతుపవనంలో ప్రతి వానకూ, చెట్టు కిందా చూరు కిందా కాకుండా బయలులో, శుభ్రంగా కడిగిన గాజు గిన్నె ఒకటి పెట్టండి. మొదటి పది నిమిషాల నీళ్లు ఒక సీసాలో, తరువాతి నీళ్లు మరో సీసాలో పట్టండి. పీహెచ్ కాగితం పట్టీతో చూసి తేదీ, సమయం, గాలి దిక్కు, అంకె రాయించండి. కాగితం అరంకె అటూ ఇటూ చూపవచ్చు. ఒక్క రోజు అంకెను చూసి కేకలు వేయొద్దు. ఏళ్ల తరబడి ఒకే తీరులో రాసిన పుస్తకానికే విలువ.

పట్టీలు దొరక్కపోతే శంఖపుష్పం పూలు నీళ్లలో నానబెట్టండి. ఆ నీలి నీళ్లు నిమ్మరసానికి ఎర్రబడతాయి, సబ్బు నీళ్లకు పచ్చబడతాయి. వాన లాంటి స్వల్ప పులుపును అవి పట్టలేవు కానీ ఆమ్లం, క్షారం అంటే ఏమిటో చూపడానికి చాలు. గంధకాన్ని తరగతి గదిలో కాల్చవద్దు. ఆరుబయట ఉపాధ్యాయులు గీసే ఒక్క అగ్గిపుల్ల వాసన చాలు.

తల్లిదండ్రులను కోరేది ఇంకా చిన్నది. అగ్గిపెట్టెల పనికి, తోళ్ల పనికి, లారీ మీదికి వెళ్లే మీకు ఈ పాఠంలో సగం ముందే తెలుసు. ఆ వాసనలు, ఆ దగ్గు, సున్నం నీళ్లకు పగిలిన చేతులు, ఉప్పెక్కిన బావి నీళ్లు మీరు చూసినవే. ఒక సాయంత్రం బడికి వచ్చి పిల్లల ముందు చెప్పండి. మీ పని తప్పని చెప్పడానికి కాదు. ఆ పని మీద ఇల్లు గడుస్తోంది. పని నిలవాలి, నీళ్లూ గాలీ నిలవాలి, రెండూ కుదిరే దారి ఉందని కోర్టు చెప్పింది, రసాయన శాస్త్రమూ చెబుతోంది. ఆ దారి వెతకాల్సినవాళ్లు ఇప్పుడు మన బల్లల మీద కూర్చున్నారు.

బోర్డు మీద తాజ్‌మహల్ బొమ్మ ఉండనివ్వండి. దాని పక్కన పాలారును కూడా గీయండి.